అమెరికా రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పును చివరి నుంచి చదవండి

తెలుగులో "కోర్టు కొట్టేసింది" అనే మాట మూడు రకాలుగా వాడతాం. అప్పీలును కొట్టేస్తే కింది కోర్టు తీర్పు నిలిచినట్టు. శిక్షను కొట్టేస్తే శిక్ష పోయినట్టు, కేసు మాత్రం బతికే ఉండొచ్చు. కేసునే కొట్టేస్తే అంతటితో సరి. అమెరికా రాష్ట్రాల సుప్రీంకోర్టుల నుంచి వచ్చే వార్తలు మన వాట్సాప్ గ్రూపుల్లోకి చేరేసరికి ఈ మూడూ ఒకటైపోతాయి. "ఫలానా ఆయన నిర్దోషి అని తేలింది" అని ఒకరు పెడతారు. అసలు తీర్పులో ఆ మాటే ఉండదు. కాబట్టి వార్తను పక్కన పెట్టి, కోర్టు వెబ్‌సైట్ నుంచి పీడీఎఫ్ దించుకుని, సరాసరి ఆఖరి పేజీకి వెళ్లండి. ఆ పని చేయడం ఎలాగో, చేసేటప్పుడు ఎక్కడ తప్పటడుగు పడుతుందో చూద్దాం.

ముందు అది ఏ కోర్టో తేల్చుకోండి

పేరు చూసి మోసపోవడం చాలా తేలిక. న్యూయార్క్‌లో సుప్రీంకోర్టు అంటే ట్రయల్ కోర్టు. విడాకుల కేసులు నడిచేది అక్కడే. కాబట్టి కాగితం మీద ఆ పేరు చూసి కేసు ఎక్కడికో వెళ్లిపోయిందని కంగారు పడక్కర్లేదు. ఆ రాష్ట్రంలో అన్నిటికంటే పై కోర్టు పేరు కోర్ట్ ఆఫ్ అప్పీల్స్. మేరీలాండ్‌లోనూ పై కోర్టును అలాగే పిలిచేవారు, 2022 డిసెంబరులో సుప్రీంకోర్టుగా పేరు మార్చారు. పాత మేరీలాండ్ తీర్పు చదివేటప్పుడు ఇది గుర్తుండాలి. టెక్సాస్, ఓక్లహోమాల్లో పై కోర్టులు రెండేసి ఉంటాయి. సివిల్ వ్యవహారాలు సుప్రీంకోర్టుకు వెళ్తాయి, క్రిమినల్ అప్పీళ్లు కోర్ట్ ఆఫ్ క్రిమినల్ అప్పీల్స్‌కు వెళ్తాయి. డల్లాస్‌లో జరిగిన హత్య కేసులో "టెక్సాస్ సుప్రీంకోర్టు శిక్ష ఖరారు చేసింది" అని ఎవరైనా రాస్తే ఆ రాసినవారు తీర్పు తెరిచి చూడలేదన్నమాట.

మనకు అలవాటైన మెట్ల వరుస కూడా అక్కడ పనికిరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టుల తీర్పు నచ్చకపోతే ఆర్టికల్ 136 కింద స్పెషల్ లీవ్ పిటిషన్ పట్టుకుని ఢిల్లీ వెళ్లొచ్చు. విషయం రాష్ట్ర చట్టమైనా సరే, సుప్రీంకోర్టు కావాలనుకుంటే చూస్తుంది. అమెరికాలో రాష్ట్ర చట్టానికి అర్థం చెప్పడంలో ఆఖరి మాట ఆ రాష్ట్రపు పై కోర్టుదే. వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టు చేయి పెట్టాలంటే అందులో ఫెడరల్ చట్టమో ఫెడరల్ రాజ్యాంగమో ఇమిడి ఉండాలి. తీర్పు రాష్ట్ర చట్టం మీదే పూర్తిగా నిలబడి ఉంటే ఆ పై మెట్టు లేనట్టే.

తర్వాత మీ చేతిలో ఉన్నది తీర్పో, ఒట్టి ఆర్డరో చూడండి. చాలా రాష్ట్రాల పై కోర్టులు తమకు నచ్చిన కేసులే తీసుకుంటాయి. వద్దనుకుంటే "పిటిషన్ ఫర్ రివ్యూ డినైడ్" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. దాన్ని "సుప్రీంకోర్టు కింది తీర్పును సమర్థించింది" అని రాయడం తప్పు. కోర్టు ఆ కేసు వినలేదు, అంతే. న్యూజెర్సీ తీర్పుల్లో మొదటి కొన్ని పేజీలు సిలబస్ అనే సారాంశం ఉంటుంది. చదవడానికి హాయిగా ఉంటుంది కానీ అది క్లర్కు కార్యాలయం తయారు చేసేది, తీర్పులో భాగం కాదు. దాని నుంచి వాక్యాలు ఎత్తి కోర్టు అన్నదని చెప్పకండి.

ఆఖరి వాక్యం

అక్కడ ఉండే మాటలు నాలుగైదే. అఫర్మ్‌డ్ అంటే కింది తీర్పు నిలిచింది. రివర్స్‌డ్ అంటే తిరగబడింది. వెకేటెడ్ అంటే కింది తీర్పును లేనట్టుగా చేశారు. రిమాండెడ్ దగ్గర మన వాళ్లు తరచూ బోల్తా పడతారు. మన పత్రికల్లో రిమాండ్ అంటే జైలుకు పంపడం. అమెరికా తీర్పులో రిమాండ్ అంటే కేసును కింది కోర్టుకు తిప్పి పంపడం. "రివర్స్‌డ్ అండ్ రిమాండెడ్" చూసి "మళ్లీ రిమాండ్ విధించారు" అని రాస్తే అర్థం పూర్తిగా తలకిందులవుతుంది. ఇక రిమాండ్ తర్వాత "విత్ డైరెక్షన్స్" అని ఉంటే ఆ డైరెక్షన్లే అసలు సరుకు.

ఒకేలాంటి హెడ్డింగులతో వచ్చిన మూడు తీర్పులు తీసుకుందాం. మూడింట్లోనూ పేరున్న వ్యక్తులే, మూడింట్లోనూ శిక్ష రద్దయింది.

2024 ఏప్రిల్ 25న న్యూయార్క్ కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ 4-3 తేడాతో హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్‌కు లైంగిక నేరాల కేసులో 2020లో పడిన శిక్షను రద్దు చేసింది. కారణం, చార్జిషీటులో లేని ఇతర సంఘటనల గురించి మరికొందరు మహిళలతో ట్రయల్ జడ్జి సాక్ష్యం చెప్పించనివ్వడం. ఆఖరి వాక్యం కొత్త ట్రయల్ జరపమంది. అంటే మళ్లీ జ్యూరీ, మళ్లీ సాక్షులు. 2025 జూన్‌లో రెండో జ్యూరీ ఒక అభియోగంలో దోషి అంది, ఒకదాంట్లో కాదంది, మూడోది తేలలేదు. పైగా కాలిఫోర్నియాలో ఆయనకు వేరే శిక్ష ఉంది కాబట్టి న్యూయార్క్ తీర్పు వచ్చినా బయటికి రాలేదు.

2021 జూన్ 30న పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు నటుడు బిల్ కాస్బీకి లైంగిక దాడి కేసులో పడిన శిక్షను రద్దు చేసింది. అక్కడ ఆఖరి వాక్యం కొత్త ట్రయల్‌కు కూడా తలుపు మూసింది. ప్రాసిక్యూట్ చేయబోమని 2005లో అప్పటి జిల్లా అటార్నీ బహిరంగంగా చెప్పారు. ఆ మాట నమ్మి సివిల్ దావాలో కాస్బీ ప్రమాణం మీద సమాధానాలు చెప్పారు. ఆ సమాధానాలనే తర్వాత క్రిమినల్ కేసులో వాడారు, అది చెల్లదంది కోర్టు. ఆయన అదే రోజు విడుదలయ్యారు.

మూడోది కాస్త దగ్గరగా చూడాలి. ఇల్లినాయి సుప్రీంకోర్టు 2024 నవంబరు 21న నటుడు జస్సీ స్మొలెట్ కేసులో ఇచ్చిన తీర్పు ఇది. ఇల్లినాయిలో తీర్పును గుర్తించే పద్ధతి సులువు: ముందు సంవత్సరం, తర్వాత ఐఎల్, తర్వాత డాకెట్ నంబరు. ఈ తీర్పు 2024 ఐఎల్ 130431. పేజీ నంబర్లతో పనిలేదు, పేరాలకే నంబర్లుంటాయి కాబట్టి ఎవరితోనైనా వాదించేటప్పుడు పేరా నంబరు చెప్పండి. తన మీద దాడి జరిగిందని 2019లో అబద్ధపు ఫిర్యాదు ఇచ్చారన్నది ఆరోపణ. 16 అభియోగాలు పెట్టాక, అదే ఏడాది మార్చిలో ప్రాసిక్యూషన్ వాటిని ఉపసంహరించుకుంది. ఆయన కొంత సమాజసేవ చేశారు, 10,000 డాలర్ల బెయిలు సొమ్ము వదులుకున్నారు. తర్వాత స్పెషల్ ప్రాసిక్యూటర్ వచ్చి 2020లో ఆరు అభియోగాలతో మళ్లీ కేసు పెట్టారు. 2021 డిసెంబరులో జ్యూరీ ఆరింట్లో ఐదు అభియోగాల్లో దోషి అంది. 150 రోజుల జైలు, 30 నెలల ప్రొబేషన్ పడ్డాయి. అప్పీలు కోర్టు 2-1తో నిలబెట్టింది. సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇందులో ఆయన అబద్ధమాడారా లేదా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు జవాబివ్వలేదు. దాని ముందున్న ప్రశ్న వేరు. మామూలుగా ప్రాసిక్యూషన్ కేసు ఉపసంహరించుకుంటే మళ్లీ పెట్టుకోవచ్చు. కానీ ఇక్కడ రెండు వైపులా ఒప్పందం ఉంది, ముద్దాయి తన వంతు నెరవేర్చాడు, ఇక ప్రభుత్వం మాట తప్పొచ్చా? తప్పకూడదంది కోర్టు. ఆఖరి డైరెక్షన్ ప్రకారం ట్రయల్ కోర్టు కేసు డిస్మిస్ చేయాలి. అప్పట్లో ఆ ఒప్పందం చాలామందికి రుచించలేదని కోర్టుకు తెలుసు, తీర్పులోనే ఆ ప్రస్తావన ఉంది. ఒప్పందం బాగుందా లేదా అన్నది వేరు, దానికి కట్టుబడాలా అన్నది వేరు. ఆయన "నిర్దోషి" అని కోర్టు ఈ తీర్పులో ఎక్కడా తేల్చలేదు.

మధ్యలో వెతకాల్సిన వాక్యం

ఆఖరి పేజీ తర్వాత "స్టాండర్డ్ ఆఫ్ రివ్యూ" (కింది కోర్టు నిర్ణయాన్ని ఎంత లోతుగా చూడాలనే కొలబద్ద) అనే మాట కోసం వెతకండి. పీడీఎఫ్‌లో కంట్రోల్ ఎఫ్ కొడితే చాలు. వాస్తవాల భాగం అయిపోయి విశ్లేషణ మొదలయ్యే చోట సాధారణంగా దొరుకుతుంది. ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. కేసులో సగం అక్కడే తేలిపోతుంది.

"డి నోవో" అని ఉంటే పై కోర్టు కింది జడ్జి మాటకు విలువ ఇవ్వనక్కర్లేకుండా మొదటి నుంచి తానే చూస్తుంది. చట్టానికి అర్థం చెప్పే ప్రశ్నలన్నీ ఇందులోకే వస్తాయి, అప్పీలుదారుకు ఇంతకన్నా అనుకూలమైన చోటు లేదు. "అబ్యూజ్ ఆఫ్ డిస్క్రిషన్" అని ఉంటే జడ్జి విచక్షణ మరీ హద్దు దాటిందా అన్నదే ప్రశ్న. "మేమైతే ఇలా చేసేవాళ్లం కాదు, అయినా జోక్యం చేసుకోం" అనేది ఇక్కడి ధోరణి. జ్యూరీ తేల్చిన వాస్తవాల మీద సవాలైతే ఇంకా కష్టం. క్రిమినల్ కేసులో సాక్ష్యాన్నంతా ప్రాసిక్యూషన్‌కు అనుకూలంగా చదివి, బుద్ధి ఉన్న ఏ జ్యూరీ అయినా ఇలా తేల్చగలదా అని మాత్రమే అడుగుతారు. 1979 నుంచి అన్ని రాష్ట్రాల్లోనూ ఇదే కనీస కొలబద్ద. "సాక్షి అబద్ధం చెప్పాడు" అన్న ఒక్క వాదన మీద నడిచే అప్పీళ్లు ఎందుకు ఓడిపోతాయో దీంతో తెలుస్తుంది.

దీనికి ఆనుకుని మరో రెండు గోతులున్నాయి. మొదటిది, ట్రయల్‌లో అభ్యంతరం చెప్పకపోవడం. లాయరు అప్పుడే లేచి "అబ్జెక్షన్" అనకపోతే, కారణం కూడా చెప్పకపోతే, పై కోర్టు ఆ పాయింటు వదులుకున్నట్టే లెక్కిస్తుంది. ప్లెయిన్ ఎర్రర్ (అభ్యంతరం చెప్పకపోయినా కొట్టొచ్చినట్టు కనిపించే తప్పు) అనే సందు ఉంది కానీ చాలా ఇరుకు. రెండోది హార్మ్‌లెస్ ఎర్రర్. తప్పు జరిగిందని కోర్టు ఒప్పుకున్నాక కూడా "దానివల్ల ఫలితం మారేది కాదు" అని శిక్షను నిలబెట్టగలదు. ఫెడరల్ రాజ్యాంగ హక్కుకు భంగం కలిగితే మాత్రం, ఆ తప్పు హాని చేయలేదని సందేహానికి తావు లేకుండా ప్రాసిక్యూషనే చూపాలి. ఇరవై పేజీలు ముద్దాయి వైపు నడిచిన తీర్పు ఆఖరున "అఫర్మ్‌డ్" అని ముగిసిందంటే ఈ గోతుల్లో ఒకటి కారణం అయి ఉంటుంది.

కొత్త సాక్ష్యం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అప్పీలు అంటే రెండో ట్రయల్ కాదు. ట్రయల్ రికార్డులో లేని కాగితం, వీడియో, వాంగ్మూలం అప్పీలు కోర్టు ముట్టుకోదు. వాటికి శిక్ష పడ్డాక వేసే పోస్ట్ కన్విక్షన్ పిటిషన్ అనే వేరే దారి ఉంది.

సివిల్ తీర్పుల్లో డబ్బు లెక్క

సివిల్‌లో ఆఖరి వాక్యం చదివాక అంకె ఏమైందో చూడండి. 2019 ఆగస్టులో ఓక్లహోమా ట్రయల్ జడ్జి ఓపియాయిడ్ మందుల (వ్యసనం కలిగించే నొప్పి మందుల) కేసులో జాన్సన్ అండ్ జాన్సన్ 572 మిలియన్ డాలర్లు కట్టాలన్నారు. తర్వాత అది 465 మిలియన్లయింది. ఎందుకంటే 107 వేల డాలర్ల చిల్లర ఖర్చును 107 మిలియన్లుగా లెక్కేశారు. మూడు సున్నాల తేడా! ఇంకా ఎక్కువ కావాలని రాష్ట్రం కూడా అప్పీలుకు వెళ్లింది. 2021 నవంబరు 9న ఓక్లహోమా సుప్రీంకోర్టు మొత్తం తీర్పునే తిప్పేసింది. మందుల తయారీ, ప్రచారం, అమ్మకాలను పబ్లిక్ న్యూసెన్స్ (ప్రజలందరికీ ఇబ్బంది కలిగించే పనుల) చట్టం కిందికి లాగలేమంది. చట్టానికి అర్థం చెప్పే ప్రశ్న కాబట్టి ట్రయల్‌లో ఎంత సాక్ష్యం పోగైనా ప్రయోజనం లేకపోయింది.

ఇలాంటి కేసులో ఓడినవారు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. డబ్బు తీర్పు మీద అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. బ్యాంకు ఖాతా మీదికి రావొచ్చు. ఆపాలంటే బాండ్ (పూచీకత్తు) ఇవ్వాలి. కాలిఫోర్నియాలో ష్యూరిటీ కంపెనీ బాండ్ అయితే తీర్పు మొత్తానికి ఒకటిన్నర రెట్లు. టెక్సాస్‌లో నష్టపరిహారం, వడ్డీ, ఖర్చులు కలిపి లెక్క, గరిష్ఠం 25 మిలియన్ డాలర్లు లేదా నికర ఆస్తిలో సగం, ఏది తక్కువైతే అది.

ఇంకో తనిఖీ: ఆ తీర్పు ఇప్పటికీ చెల్లుతుందా? 2023 ఫిబ్రవరి 17న ఇల్లినాయి సుప్రీంకోర్టు వైట్ క్యాజిల్ అనే బర్గర్ కంపెనీ కేసులో 4-3తో, రాష్ట్ర బయోమెట్రిక్ గోప్యత చట్టం కింద ఉద్యోగి వేలిముద్ర స్కాన్ చేసిన ప్రతిసారీ ఒక్కో ఉల్లంఘనే అంది. ఒక్కోదానికి చట్టంలో 1,000 లేదా 5,000 డాలర్లుంది. పరిహారం 17 బిలియన్లు దాటొచ్చని కంపెనీ మొత్తుకుంది. చట్టసభ సరిచేసుకుంటే మంచిదని కోర్టే సూచించింది. 2024 ఆగస్టులో చట్టం మారింది, ఇప్పుడు మనిషికి ఒక్కసారే. సవరణ పాత కేసులకూ వర్తిస్తుందా అన్నది మళ్లీ వేరే పేచీ. తీర్పు తేదీ తర్వాత చట్టం మారిందేమో చూడకుండా దాన్ని ఎవరికీ సలహాగా చెప్పకండి.

గడువులు

ఇక్కడ ఒక్క రోజు ఆలస్యమైనా దాదాపు కోలుకోవడం ఉండదు. అప్పీలు నోటీసు పై కోర్టులో కాదు, చాలా రాష్ట్రాల్లో ట్రయల్ కోర్టు క్లర్కు దగ్గరే వేయాలి. కాలిఫోర్నియాలో ఫెలొనీ (తీవ్ర నేరం) అయితే సీఆర్-120 ఫారం, 60 రోజులు. సివిల్‌లో ఏపీపీ-002, నోటీస్ ఆఫ్ ఎంట్రీ (తీర్పు నమోదైందన్న నోటీసు) అందాక 60 రోజులు, నోటీసే రాకపోతే తీర్పు నమోదైనప్పటి నుంచి 180. న్యూజెర్సీలో 45 రోజులు. న్యూయార్క్, ఇల్లినాయిల్లో 30. టెక్సాస్ సివిల్‌లో 30, కొత్త ట్రయల్ కోరుతూ సకాలంలో మోషన్ వేస్తే 90. నార్త్ కరొలినాలో సివిల్‌కు 30 ఉన్నా క్రిమినల్‌కు 14 రోజులే. రూల్స్ మారుతుంటాయి, వేసే రోజున ఆ కోర్టు వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోవాల్సిందే.

నేరం ఒప్పుకుని ప్లీ ఇచ్చినవారికి అదనపు మెలిక. ఇల్లినాయిలో ముందు ప్లీ వెనక్కి తీసుకుంటామని 30 రోజుల్లో ట్రయల్ కోర్టులోనే మోషన్ వేయాలి. కాలిఫోర్నియాలో ప్లీ చెల్లదని వాదించాలంటే సర్టిఫికెట్ ఆఫ్ ప్రాబబుల్ కాజ్ (అప్పీలుకు తగిన కారణం ఉందని ట్రయల్ జడ్జి ఇచ్చే పత్రం) కావాలి. ఇది తెలియక సరైన గడువులోనే వేసి కూడా పోగొట్టుకునేవారున్నారు.

మధ్య అప్పీలు కోర్టు నుంచి పైకి వెళ్లే గడువు వేరు. కాలిఫోర్నియాలో అప్పీలు కోర్టు తీర్పు 30 రోజులకు ఫైనల్ అవుతుంది, రివ్యూ పిటిషన్‌కు ఆ తర్వాత పది రోజులే. పిటిషన్ 8,400 పదాలు మించకూడదు. ఇల్లినాయిలో అప్పీలు కోర్టు తీర్పు నుంచి 35 రోజులు.

రాష్ట్రపు పై కోర్టులోనూ ఓడి, ఫెడరల్ ప్రశ్న మిగిలి ఉంటే వాషింగ్టన్ సుప్రీంకోర్టుకు 90 రోజులు. తీర్పు తేదీ నుంచి లెక్క, మాండేట్ (తీర్పును అమలు కోసం కింది కోర్టుకు పంపే ఆదేశం) తేదీ నుంచి కాదు. ఎక్కువ మంది తప్పేది ఈ లెక్కే. రీహియరింగ్ పిటిషన్ సకాలంలో వేసి ఉంటే అది కొట్టేసిన రోజు నుంచి లెక్క. క్రిమినల్ కేసుల్లో ఫెడరల్ హేబియస్ (నిర్బంధం చెల్లదని ఫెడరల్ కోర్టులో వేసే పిటిషన్) కోసం ఏడాది గడువుంది. నేరుగా చేసుకునే అప్పీలు పూర్తిగా ముగిశాక అది మొదలవుతుంది, సుప్రీంకోర్టుకు వెళ్లకపోయినా ఆ 90 రోజులు కలుస్తాయి.

వీసా, గ్రీన్‌కార్డ్ మీద ఉన్నవారికి

హెచ్1బీ మీద ఉన్నా, గ్రీన్‌కార్డ్ ఉన్నా, "ప్రొబేషనేగా, జైలు లేదుగా" అని ప్లీ ఒప్పుకోవడం వల్ల దేశం వదలాల్సి రావొచ్చు. 2010లో పడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఆ ప్రమాదం గురించి లాయరు ముద్దాయికి చెప్పి తీరాలంది. అంతకు ముందు కెంటకీ సుప్రీంకోర్టు అక్కర్లేదని చెప్పిన తీర్పును తిప్పేసింది. కాలిఫోర్నియాలో శిక్షాస్మృతి సెక్షన్ 1473.7 కింద, వలస పరిణామాలు అర్థం కాకుండా ఇచ్చిన ప్లీని జైలు, ప్రొబేషన్ ముగిశాక రద్దు చేయించుకోవచ్చు. ఇలాంటి పిటిషన్లను అప్పీలు కోర్టులు కింది జడ్జి విచక్షణకు వదిలేయకుండా స్వతంత్రంగా చూడాలని 2021 మేలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. పైన చెప్పిన స్టాండర్డ్ ఆఫ్ రివ్యూ ఒక కుటుంబం విషయంలో ఎంత తేడా తెస్తుందో ఇక్కడ చూడొచ్చు.

శిక్ష రద్దయితే ఆ ఆర్డరులో కారణం ఏం రాశారో చూడండి. ఇమ్మిగ్రేషన్ కేసుల అప్పీళ్లు చూసే ఫెడరల్ సంస్థ బోర్డ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అప్పీల్స్ 2003లో పికరింగ్ కేసులో పెట్టిన గీత ఇది: ట్రయల్‌లోనో చట్టపరంగానో లోపం ఉందని రద్దు చేస్తే ఇమ్మిగ్రేషన్ లెక్కలో కూడా శిక్ష లేనట్టు. ప్రవర్తన బాగుందనో, దేశం నుంచి పంపేస్తారన్న జాలితోనో రద్దు చేస్తే శిక్ష ఉన్నట్టే. ఎక్స్‌పంజ్‌మెంట్ (రికార్డు నుంచి శిక్షను తుడిపించుకోవడం) సాధారణంగా ఈ రెండో కోవలోకి వస్తుంది. టెక్సాస్, లూసియానాలుండే ఐదో సర్క్యూట్ (ఫెడరల్ అప్పీలు కోర్టు) పరిధిలో పాత తీర్పుల వల్ల మొదటి రకానికి కూడా పేచీ వచ్చే వీలుంది, అక్కడ ఇమ్మిగ్రేషన్ లాయరును ముందే అడగాలి. "మోషన్ గ్రాంటెడ్" అని ఒక్క ముక్క రాసిన ఆర్డరు తర్వాత అక్కరకు రాకపోవచ్చు. రద్దుకు కారణమైన లోపం ఏమిటో అందులోనే రాయించుకుని, ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీలు రెండు తీసుకుని, మోషన్ కాపీతో కలిపి దాచుకోండి.